నేలకు కాస్త పైన గాలి తీరు

గాలి నాణ్యత పేరుతో మనం రోజూ చూసే అంకె, సాధారణంగా నేలకు కొద్ది మీటర్ల ఎత్తున అమర్చిన పరికరం చెప్పేది. అదే చోట వంద మీటర్లు పైకి వెళ్తే ఆ అంకె మారుతుంది. పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది మాత్రం ఏ కాలుష్య పదార్థం, ఏ వేళ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పగటి ఎండకు నేల కాగినప్పుడు దాన్ని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది, పైనున్న గాలి కిందికి దిగుతుంది. ఇలా కలగలిసే పొర మధ్యాహ్నానికి తరచుగా ఒకటి, రెండు కిలోమీటర్ల మందానికి చేరుతుంది కాబట్టి పొగ, ధూళి అందులో పలచబడతాయి. నిర్మలమైన రాత్రుల్లో, గాలి పెద్దగా వీచనప్పుడు, నేల వేగంగా చల్లబడి తనను తాకే గాలిని కూడా చల్లబరుస్తుంది. మామూలుగా ఎత్తుతోపాటు తగ్గవలసిన ఉష్ణోగ్రత అప్పుడు పెరుగుతుంది; దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. బరువైన చల్లగాలి పైకి లేవదు గనుక, వాహనాలూ పొయ్యిలూ వదిలినదంతా మూత పెట్టినట్టు కొన్ని వందల మీటర్ల లోపే, ఒక్కోసారి ఇంకా తక్కువ ఎత్తులోనే నిలిచిపోతుంది. 1952 డిసెంబర్ 5 నుంచి 9 వరకు లండన్‌లో వేలమందిని బలిగొన్న పొగమంచుకు బొగ్గు పొగ ఎంత కారణమో, కదలని ఆ గాలి కూడా అంతే కారణం. కాబట్టి శీతకాలంలో అంకె పెరగగానే పొగ వదలడం ఎక్కువైందని తేల్చేయడం తొందరపాటే.

నేల దగ్గర కాలుష్య వాయువుగా లెక్కించే ఓజోన్ తీరు ఇందుకు విరుద్ధం. వాహనాల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌తో చర్య జరిపి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. నేల, ఆకులు కూడా కొంత ఓజోన్‌ను లాగేసుకుంటాయి. పగలైతే సూర్యకాంతి కొత్త ఓజోన్‌ను పుట్టిస్తుంది, రాత్రి ఆ భర్తీ ఉండదు. అందువల్ల రాత్రి నేల దగ్గర ఓజోన్ బాగా తగ్గినా, విలోమానికి పైనున్న పొరలో నిన్నటిది మిగిలే ఉంటుంది, గాలివాటున చాలా దూరం కూడా పోతుంది. ఉదయం కలయిక మళ్లీ మొదలయ్యాక అది కిందికి దిగుతుంది. అంటే పొద్దున పెరిగే ఓజోన్‌లో కొంత వేరే ఊరిది కావచ్చు. రాత్రంతా పైనే సాగిన ఎత్తైన పొగగొట్టాల పొగ కూడా ఆ వేళకే ఒక్కసారిగా నేలకు దిగవచ్చు. (పై అంతస్తులో ఉంటే గాలి ఎప్పుడూ శుభ్రమేనన్న నమ్మకం, రోడ్డు పొగ వరకే కొంత నిజం.)

ఈ తేడాలను కొలవడానికి నెదర్లాండ్స్‌లోని కాబావ్‌లో 213 మీటర్ల, బీజింగ్‌లో 325 మీటర్ల స్తంభాలున్నాయి. అంతకుపైన బెలూన్లు, లేజర్ కాంతితో పనిచేసే లైడార్లు వాడతారు. ఉపగ్రహాల్లో చాలావాటికి కనిపించేది నేల నుంచి పైదాకా ఉన్న మొత్తం మాత్రమే. అదే మొత్తం రెండు కిలోమీటర్ల మేర పరుచుకుందా, రెండు వందల మీటర్లలో కుక్కుకుని ఉందా అన్నది తెలిస్తేనే, కింద మనిషి పీల్చేది ఎంతో లెక్కకట్టగలం.