చామనఛాయ చర్మంపై లేజర్ కాంతి

గడ్డం కింద, పై పెదవి మీద మొలిచే రోమాలను తొలగించుకోవడానికి లేజర్ చికిత్సకు వెళ్ళేవారిలో కొందరికి, కొన్ని వారాలు గడిచేసరికి, రోమాలు పోయిన చోటనే నల్లని మచ్చలు తేలుతాయి. ‘మీ ఒంటికి పడలేదు’ అని చెప్పి వారిని పంపేయడం పరిపాటి అయింది. ఆ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ మచ్చ చాలాసార్లు ఒంటి తత్త్వం వల్ల రాదు, ఆ ఒంటి రంగుకు తగినట్లు యంత్రాన్ని అమర్చకపోవడం వల్ల వస్తుంది.

చర్మ చికిత్సలో నేడు వాడుతున్న చాలా లేజర్లకు ఆధారమైన సూత్రాన్ని 1983లో అమెరికా వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రతిపాదించారు. చర్మంలోని ఏదో ఒక పదార్థం మాత్రమే బాగా పీల్చుకునే కాంతిని ఎంచుకుని, ఆ పదార్థం తన వేడిని చుట్టుపక్కలకు పంచేలోపే ముగిసిపోయేంత స్వల్పకాలం ప్రసరింపజేస్తే, అది ఒక్కటే కాలిపోతుందనీ, పక్కనున్న కణజాలం క్షేమంగా ఉంటుందనీ ఆ సూత్రం చెబుతుంది. రోమాల విషయంలో ఆ పదార్థం మెలనిన్. చిక్కంతా ఇక్కడే ఉంది. వెంట్రుకను నల్లగా ఉంచే మెలనినే చర్మానికీ రంగునిస్తుంది, పైగా రోమమూలాన్ని చేరాలంటే కాంతి ముందుగా పైచర్మాన్ని దాటాలి. చర్మం ఎంత నల్లనిదైతే అంత కాంతి దారిలోనే ఆగిపోయి, వేడిగా మారి, ఎరుపుకు, వాపుకు, మరీ ఎక్కువైతే బొబ్బలకు దారితీస్తుంది.

చికిత్స తరువాత రోమకూపాల చుట్టూ కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో కనిపించే స్వల్పమైన ఎరుపు, ఉబ్బు సహజమే. బొబ్బ, పొక్కు, చర్మం పెచ్చుకట్టడం మాత్రం కాలిన గాయానికి గుర్తులు. అలాంటి గాయం మానుతున్నప్పుడు, ఆ తాపానికి రేగిన రంగు కణాలు మెలనిన్‌ను అతిగా తయారు చేస్తాయి. ఆ రంగు పైచర్మంలోనే ఉంటే నెలల్లో పలచబడుతుంది, లోపలి పొరలోకి జారితే అంత త్వరగా పోని బూడిదరంగు మచ్చగా నిలుస్తుంది. రంగు కణాలే దెబ్బతిన్నప్పుడు ఇందుకు విరుద్ధంగా తెల్లమచ్చలు పడతాయి. మంగుమచ్చల కోసం తక్కువ శక్తితో లేజర్‌ను పదేపదే వాడినవారిలో చినుకుల్లాంటి తెల్లమచ్చలు రావడం, మానేశాక మంగు మళ్ళీ ముదరడం వైద్యులకు తెలిసిన విషయాలే.

చర్మాన్ని అతి తెల్లని ఒకటో రకం నుంచి అతి నల్లని ఆరో రకం దాకా ఆరు రకాలుగా చూసే ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణ 1975లో తెల్లని చర్మాలను దృష్టిలో పెట్టుకుని మొదలైంది, మనలాంటి ఛాయలకు అందులో చోటు తరువాతే దొరికింది. భారతీయుల్లో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల కిందికి వస్తారు. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ కాంతిని పీల్చుకోవడం తగ్గుతుంది. అందువల్ల 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ కన్నా 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లేజర్ ముదురు చర్మానికి క్షేమకరం. దానికి తోడు కాంతిని మరికాస్త నిదానంగా పంపితే, పలుచని పైచర్మానికి చల్లబడే వ్యవధి దొరుకుతుంది, అంత త్వరగా చల్లబడని రోమమూలం మాత్రం కాలుతుంది.

అందరినీ ఆశ్చర్యపరిచే దుష్ఫలితం మరొకటుంది: రోమాలు తగ్గడానికి బదులు పెరగడం. ఇది ముఖం మీద, మెడ మీద, ముఖ్యంగా దక్షిణాసియా, మధ్యప్రాచ్య, మధ్యధరా మూలాలున్న స్త్రీలలో, అందులోనూ పీసీఓఎస్ వంటి హార్మోన్ సమస్యలున్నవారిలో కనిపిస్తుంది. రోమమూలాన్ని నశింపజేయడానికి చాలని వేడి, నిద్రావస్థలో ఉన్న మూలాలను మేల్కొల్పుతుందన్నది దీనికి ఎక్కువగా చెప్పే వివరణ. హార్మోన్ సమస్యను పరీక్షించకుండా, గడ్డం మీది నూగును మాత్రమే కాల్చడం వృథా ఖర్చు అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

పెదవి చుట్టూ గతంలో హెర్పిస్ పొక్కులు వచ్చినవారికి లేజర్ తరువాత అవి తిరగబెట్టవచ్చు. కన్ను మరింత సున్నితం. 1064 నానోమీటర్ల కిరణం కంటికి కనిపించదు, అయినా నేరుగా రెటీనాను చేరగలదు. కనుబొమల కింద, కనురెప్పల దగ్గర రోమాలు తీయించుకున్నవారిలో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మచ్చ కనిపించగానే మందుల దుకాణంలో అడిగి కొనే స్టెరాయిడ్ కలిసిన ‘ఫెయిర్‌నెస్’ క్రీములు చర్మాన్ని పలుచన చేసి, పరిస్థితిని ఇంకా చిక్కుపరుస్తాయి. చికిత్సకు ముందే చెవి వెనుకో, దవడ కిందో చిన్న భాగంపై ప్రయోగించి చూడమని అడగడం మేలు. అయితే నల్లమచ్చ తేలడానికి రోజులు, వారాలు కూడా పట్టవచ్చు కనుక మర్నాడు చూసి బాగుందనుకోవడం చాలదు. వ్యాక్సింగ్, థ్రెడింగ్ రోమాన్ని మూలంతో సహా పెరికేస్తాయి కాబట్టి కాంతికి తగలవలసినది అక్కడ మిగలదు, అందుకే ముందుగా షేవింగ్ మాత్రమే చేయించుకోమంటారు. ఎండకు కమిలిన చర్మంలో మెలనిన్ పెరిగి ఉంటుంది. జనవరిలో ఏ ఇబ్బందీ పెట్టని అమరికే రోహిణి కార్తె ఎండల్లో తిరిగిన ముఖానికి వాత పెట్టగలదు. కాబట్టి ప్రతి విడతలోనూ శక్తిని నిర్ణయించే ముందు వైద్యులు చర్మాన్ని కొత్తగా పరిశీలించాలి, కమిలి ఉంటే ఆ రోజుకు చికిత్సను వాయిదా వేయాలి.