అట్లాంటా పార్కుల్లో తుపాకులు: తేల్చింది అద్దె చట్టం

అట్లాంటా నడిబొడ్డున ఉన్న పీడ్‌మాంట్ పార్కులో పెద్ద కచేరీ అనగానే పాత గొడవ మళ్లీ లేస్తుంది. గేటు దగ్గర తుపాకీతో వచ్చినవాణ్ణి ఆపే హక్కు ఎవరికైనా ఉందా? 2022 ఆగస్టు 1న, అక్కడ జరగాల్సిన మ్యూజిక్ మిడ్‌టౌన్ సంగీత ఉత్సవం రద్దయినప్పుడు, పరిస్థితులు తమ చేతుల్లో లేవని మాత్రమే నిర్వాహకులు చెప్పారు. జార్జియా రాష్ట్ర తుపాకీ చట్టమే కారణమని పత్రికలు రాశాయి.

తుపాకీ హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగం రెండో సవరణ సంగతి అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఊళ్లు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) సొంతంగా తుపాకీ నిబంధనలు పెట్టకూడదన్న జార్జియా చట్టం కూడా కొత్తది కాదు. కవెటా కౌంటీ తన పార్కుల్లో తుపాకులు వద్దంటే, జార్జియాక్యారీ అనే తుపాకీ హక్కుల సంస్థ కోర్టుకెక్కి 2007లో ఆ నిషేధాన్ని చెల్లకుండా చేసింది. లైసెన్సు ఉంటే పార్కుల్లోకి తుపాకీ తెచ్చుకోవచ్చని మరుసటి ఏడాది రాష్ట్రమే చట్టం చేసింది.

అయితే ఇవాళ్టి చిక్కుకు మూలం 2014లో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 23న గవర్నర్ నేథన్ డీల్ సంతకం చేసిన చట్టంలో బార్లు, చర్చిల గురించే అందరూ వాదించుకున్నారు. మధ్యలో ఒక చిన్న మార్పు మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. అంతకుముందు, స్థలం ఎవరిదైనా లీజుకు తీసుకున్నవాళ్లు తుపాకీ ఉన్నవాళ్లను బయటికి పంపవచ్చు. కొత్త చట్టం ఆ హక్కును ప్రైవేటు స్థలాలకే పరిమితం చేసింది.

ఆ అక్టోబరులోనే జార్జియాక్యారీ సభ్యుడొకరు నడుముకు తుపాకీ పెట్టుకుని, పీడ్‌మాంట్ పార్కు పక్కనే ఉన్న అట్లాంటా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లారు. అక్కడివాళ్లు ఆయన్ను బయటికి పంపించేశారు. ఆ తోటను నడిపేది ప్రైవేటు సంస్థ, నేల నగరానిది, లీజు 50 ఏళ్లకు. మరి ఆ స్థలం ప్రైవేటా, ప్రభుత్వానిదా? కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు భద్రత జోలికి పోలేదు, లీజు ఎలాంటిదో చూడమంది. లీజు వల్ల ఆస్తి హక్కు వచ్చి ఉంటే తోట తుపాకులు వద్దనవచ్చు, వాడుకునే హక్కు మాత్రమే ఉంటే అనలేదు. ఒప్పందంలో వేరేగా లేకపోతే, ఐదేళ్లు దాటిన లీజుకు మొదటిది, అంతకు తక్కువైతే రెండోది వర్తిస్తుందనేది జార్జియా అద్దె చట్టం పద్ధతి.

తోట గెలిచింది. కచేరీలవాళ్లు ఇరుక్కుపోయారు. రెండు రోజులకు ఫంక్షన్ హాల్ మాట్లాడుకున్నవాడు దాని యజమాని ఎలా కాడో, వారాంతానికి పార్కు తీసుకున్న సంస్థ కూడా అంతే. వేలమంది కిక్కిరిసే చోట, మద్యం అమ్మే చోట, చీకటి పడ్డాక ఎవరి దగ్గర ఏముందో తెలియకుండా భద్రత చూడాల్సింది నగరమే. ఏదైనా జరిగితే పరుగెత్తాల్సిందీ నగర పోలీసులే. నిబంధన పెట్టే అధికారం మాత్రం ఆ నగరానికి లేదు. దీనికితోడు 2022 ఏప్రిల్‌లో గవర్నర్ బ్రయన్ కెంప్ సంతకంతో, తుపాకీ వెంట పెట్టుకోవడానికి లైసెన్సు అవసరం కూడా పోయింది. మ్యూజిక్ మిడ్‌టౌన్ రద్దయింది ఆ తర్వాత నాలుగు నెలలకే.

159 కౌంటీలు తలో నిబంధన పెడితే చట్టానికి లోబడి నడిచేవాడు కూడా హద్దు దాటగానే నేరస్తుడవుతాడని తుపాకీ హక్కులవాళ్ల వాదన. మరుసటి ఏడాది మ్యూజిక్ మిడ్‌టౌన్ అదే పార్కులో జరిగిందని కూడా గుర్తుచేస్తారు. అదీ నిజమే.

అట్లాంటా శివార్లలోని కమ్మింగ్, ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్ వైపు మన తెలుగువాళ్లు పిక్నిక్‌లు పెట్టుకునే కౌంటీ పార్కులకూ ఇదే చట్టం. స్కూలు ఆవరణలో అయితే సామాన్యంగా తుపాకీ కుదరదు. పార్కు షెల్టర్ ఒక పూటకు బుక్ చేసుకున్న సంఘం "తుపాకులు వద్దు" అని బోర్డు పెట్టుకోవచ్చు, దానికి చట్టబలం మాత్రం ఉండదు.

2025 సెప్టెంబరులో షేకీ నీస్ అనే మరో సంగీత ఉత్సవం కూడా పీడ్‌మాంట్ పార్కుకే మారింది. ఈ చట్టం మార్చాలంటే ఆ పని రాష్ట్ర శాసనసభే చేయాలి, అట్లాంటా నగర కౌన్సిల్ వల్ల కాదు.