ఒత్తు జుట్టు మీద ఎందుకంత కోపం?

పిల్ల కుర్చీలో సరిగ్గా కూర్చోనే లేదు, వెనక నుంచి వాళ్లమ్మ మాట వినిపిస్తుంది: "సగం తీసేయండమ్మా, దువ్వలేక చస్తున్నాం." పదమూడు పద్నాలుగేళ్ల ఆ పిల్ల అద్దంలోకి చూడదు, ఒళ్లో చేతుల వంక చూస్తుంది. జుట్టు పని చేసే నాకిది అలవాటైన దృశ్యం. కత్తెర పట్టుకునే ముందు నేను చెప్పే సంగతులు ఇవి.

అపోహ: లోపల్లోపల పలచన చేయిస్తే రేగడం తగ్గుతుంది.

ఎక్కువ మందిని ఏడిపించింది ఇదే. పళ్ల కత్తెరతో లోపల కోస్తే ఆ రోజుకు తల తేలికవుతుంది, నిజమే. కానీ కోసిన వెంట్రుకలు పొట్టివైపోతాయి, వాటికి బరువుండదు. ఉంగరాల జుట్టయితే అవి స్ప్రింగుల్లా పైకి లేచి పొడవాటి వాటిని తోసుకుంటూ బయటికొస్తాయి. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి ఆ పొట్టి ముక్కలు మిగతా వాటిని అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒకమ్మాయికి ఇలాగే చేశాను. మూడు నెలలకు తలంతా బ్రష్‌లా నిలబెట్టుకుని వచ్చింది. బరువు తగ్గాలంటే కింది భాగంలో పొడవాటి లేయర్లు చాలు.

అపోహ: రేగుతోందంటే మురికి పట్టిందనే, రోజూ తలస్నానం చేయించాలి.

రేగేది మురికి వల్ల కాదు, పొడిబారడం వల్ల. తలలో ఊరే నూనె తిన్నని వెంట్రుక మీద కొసదాకా జారుతుంది. మెలికలున్న వెంట్రుక మీద సగంలోనే ఆగిపోతుంది. ఎండిన కొసలు గాలిలోని తేమను పీల్చి ఎగుడుదిగుడుగా ఉబ్బుతాయి, అందుకే వాన రోజున ఆ అవతారం! ఈ వయసులో హార్మోన్ల వల్ల మాడు జిడ్డెక్కడం మామూలే. షాంపూ మాడుకే పట్టించండి, వారానికి రెండుసార్లు, జిడ్డు మరీ ఎక్కువైతే మూడు. కారే నురగే కొసలకు సరిపోతుంది.

అపోహ: ఖరీదైన షాంపూ కొంటే దారికొస్తుంది.

రెండు నిమిషాల్లో కడిగేసే దాని మీద అంత డబ్బెందుకు? చవక షాంపూ కొని, మిగిలింది కండిషనర్‌కు పెట్టండి. పెద్ద సీసా తీసుకోండి, ఒత్తు జుట్టుకు రెండు మూడింతలు పడుతుంది. చెంచాడు రాసి "పని చేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. సీసా మీద సీటైల్ ఆల్కహాల్ అని చూసి భయపడకండి, అది జుట్టును ఎండగట్టే రకం కాదు. సిలికాన్లూ విషం కాదు, వెంట్రుక మీద పలచని పూతగా ఉండి రాపిడి తగ్గిస్తాయి.

అపోహ: తడి జుట్టు దువ్వకూడదు.

తిన్నని జుట్టుకైతే ఒప్పుకుంటాను, తడిసిన వెంట్రుక సాగి తెగుతుంది. ఉంగరాల ఒత్తు జుట్టుకు మాత్రం పొడిగా ఉన్నప్పుడు దువ్వడమే శత్రువు. కండిషనర్ ఉండగానే ఆరు పాయలుగా విడదీసి, పెద్ద పళ్ల దువ్వెనతో ముందు కొసల చిక్కులు తీసి మెల్లగా పైకి రండి. పాయకో క్లిప్పు పెట్టుకుంటే ఆ పిల్లే చేసుకోగలదు. అమ్మ చేతిలో గుంజుడు తప్పినందుకే సగం సంతోషిస్తుంది. కడిగాక టవల్‌తో రుద్దకండి, పాత కాటన్ టీషర్టుతో నీళ్లు అద్దండి. ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు. నా ఉద్దేశంలో అన్నిటికంటే కష్టమైంది ఇదే.

అపోహ: నూనె పట్టిస్తే తేమ వస్తుంది.

నూనెలో తేమ లేదు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత ఆపుతుంది కాబట్టి స్నానానికి ముందు రాయండి. చుండ్రు ఉంటే మాడుకు వద్దు.

అపోహ: ఒకసారి స్మూతెనింగ్ (మందు పెట్టి జుట్టును తిన్నగా చేయడం) చేయిస్తే జీవితాంతం టెన్షన్ ఉండదు.

కుదురు ఆకారం మారదు కాబట్టి కొత్తగా వచ్చేది పాత ఉంగరంతోనే వస్తుంది. పైగా ఇలాంటి కొన్ని మందులు వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి, అది క్యాన్సర్ కారకం. నా వ్యాపారానికి నష్టమైనా ఈ వయసు పిల్లలకు చేయను. ఇంట్లో స్ట్రెయిటెనర్ ఉంటే తడి జుట్టుకు మాత్రం తాకించనివ్వకండి. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు లేస్తాయి, అక్కడే పుటుక్కున తెగుతుంది.