చాగ మొక్క: రెండు శతాబ్దాల పేర్ల చిక్కు

విశాఖపట్నంలో స్నేక్ ప్లాంట్ కొనబోయేవారికి ఈ రోజుల్లో ఒక సందేహం తప్పడం లేదు. ఒకరు దాన్ని సాన్సెవీరియా అంటారు, మరొకరు డ్రసీనా అంటారు. ఆకు కాస్త సన్నగా, మచ్చలతో ఉంటే ‘జెలానికా, మన అడవి రకం’ అని అమ్మేవారూ ఉన్నారు. మొదటి రెండు పేర్లతో పేచీ లేదు. మూడో మాటే చాలాసార్లు తప్పు. మన తీరానికి సొంత స్నేక్ ప్లాంట్ నిజంగానే ఒకటి ఉంది. తెలుగువారు దాన్ని చాగ అంటారు. నర్సరీల్లో జెలానికా పేరుతో దొరికేది మాత్రం తరచుగా ఆఫ్రికా మొక్కే.

చాగ తూర్పు తీరపు పొడి నేలల్లో, పొదల నీడన గుంపుగా పెరుగుతుంది. నేలలో పాకే కాండం నుంచి ఒక్కో చోట ఆరు మొదలు ఇరవై నాలుగు దాకా ఆకులు లేస్తాయి. ఆకు మందంగా, లోపలివైపు గాడి పడి ఉంటుంది. వెనకవైపు ముదురు ఆకుపచ్చ గీతలు నిలువునా సాగుతాయి, చివర మెత్తటి ములుకు ఉంటుంది. ఎండ మండే పగటిపూట ఆకుల రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. నీరు లేని చోట అది బతకగలగడానికి ఈ ఏర్పాటే కారణం. ఆకుల నుంచి తీసిన నార ఎంతో గట్టిది, వింటినారికి వాడేవారు. క్షత్రియుడి మొలతాడు మూర్వ నారతో ఉండాలని మనుస్మృతి చెబుతుంది. ఆ మూర్వ ఏ మొక్క అన్న విషయంలో ఆయుర్వేద వైద్యులు ప్రాంతానికో మాట చెబుతారు కానీ, వారిలో కొందరు చూపేది చాగనే.

ఇక పేరు సంగతి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఈ తరహా మొక్కలను కలబందల్లో చేర్చాడు. సింహళం మొక్కనూ, ఆఫ్రికాలోని గినీ మొక్కనూ ఒకే జాతిలోని రకాలుగా లెక్కించాడు. 1794లో థన్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త సాన్సెవీరియా అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, నిలబెట్టాడు. 1799లో విల్డెనో అనే మరో శాస్త్రవేత్త సింహళపు మొక్కకు సాన్సెవీరియా జెలానికా, అంటే సింహళపు సాన్సెవీరియా, అని పేరు పెట్టాడు.

అదే కాలంలో అసలు పని మన తీరంలో జరుగుతోంది. 1780ల తొలి ఏళ్లలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఇక్కడి పాలనాధికారిగా వచ్చిన తమ్ముడి వెంట వచ్చి, ఈ ప్రాంతపు మొక్కలను, పాములను పరిశీలించడం మొదలుపెట్టాడు. రక్తపింజరి ఇంగ్లీషు పేరులో ఉన్నది ఈయనే. దక్షిణాన సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త తోట పెంచుతూ, భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించేవాడు. ఆ బొమ్మల్లో 300 కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. దానికి ముందుమాట రాసింది రస్సెలే. చాగ కూడా అందులో ఉంది, అయితే జెలానికా అన్న పేరుతో. రాక్స్‌బర్గ్‌ను తప్పుపట్టలేం, అప్పటికి అందుబాటులో ఉన్న పేరు అది. కానీ తెలుగు నేల మీద చూసి, గీసి, వర్ణించిన మొక్క సింహళం పేరుతో లోకానికి పరిచయమైంది. అది వేరే జాతి అని గుర్తించి, 1829లో షుల్టెస్ తండ్రీకొడుకులు దానికి సాన్సెవీరియా రాక్స్‌బర్గియానా అని పేరు పెట్టారు.

అంతటితో చిక్కు వీడిపోవలసింది, కానీ వీడలేదు. దానికి కారణం మొక్క స్వభావంలోనే ఉంది. నమూనాగా దాచడానికి కాగితాల మధ్య పెడితే, నీరు నిండిన మందపాటి ఆకు సరిగా ఆరదు. ఆరాక గీతలూ గాడీ చెరిగిపోయి, ఏ జాతిదో పోల్చుకోలేని ముక్క మిగులుతుంది. పూలు ఎప్పుడో గానీ రావు. అందువల్ల యూరప్ పండితులు తోటల్లో పెరిగే మొక్కలను చూసే పేర్లు పెట్టారు. అవి ఏ కొండ మీద నుంచి, ఏ ఓడలో వచ్చాయో రాసి ఉంచినవారు అరుదు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన అడ్డపట్టీల మొక్క తోటల్లో చాలాకాలం ఎవరెవరి పేర్లతోనో చలామణి అయింది. చివరికి 1903లో డేవిడ్ ప్రెయిన్ బెంగాల్ మొక్కల మీద రాసిన గ్రంథంలో దానికి ట్రైఫాసియాటా అన్న పేరు దక్కింది. నేడు ఇంటింటా కనిపించే స్నేక్ ప్లాంట్ అదే. 1915లో లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో ఎన్.ఇ. బ్రౌన్ అనే శాస్త్రవేత్త అప్పటికి తెలిసిన జాతులన్నింటినీ ఒక్కచోట విడదీసి చూపాడు. పండితులకు దారి దొరికింది, వ్యాపారంలో మాత్రం జెలానికా చీటీ అలాగే ఉండిపోయింది.

తాజా మార్పు డీఎన్ఏ వల్ల వచ్చింది. సాన్సెవీరియాలు డ్రసీనాల వంశవృక్షంలోనే ఒక కొమ్మ అని ఆకుల్లోని హరితరేణువుల (క్లోరోప్లాస్ట్‌ల) డీఎన్ఏపై జరిగిన 2014 నాటి అధ్యయనం చూపింది. వాటిని వేరుగా ఉంచితే డ్రసీనాల కుటుంబం ముక్కలవుతుంది. రెంటినీ కలిపినప్పుడు ముందు పుట్టిన పేరే నిలవాలి. డ్రసీనా 1767 నాటిది. అలా 2018లో చాగ డ్రసీనా రాక్స్‌బర్గియానా అయింది. పాత పేరును వదలని పెంపకందారులపై నాకు ఫిర్యాదు లేదు. ప్రజాతి ఏదైనా, రాక్స్‌బర్గియానా అన్న మాట ఉన్నంతవరకు మొక్క తప్పిపోదు.

జాతి మారిపోతేనే నష్టం. దేశవాళీ మొక్కలు నాటుతున్నామనుకొని ఆఫ్రికా రకాన్ని కొండ వాలులో పాతితే, అది పాకి అక్కడే స్థిరపడగలదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో అలాగే జరిగింది. కొనేముందు ఆకును తిప్పి చూడాలి. వెడల్పుగా, చదునుగా, అడ్డపట్టీలతో నిటారుగా ఉంటే అది ట్రైఫాసియాటా. గాడి పడిన సన్నని ఆకులు గుత్తిగా ఉండి, వెనక నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తే చాగ కావచ్చు. సింహాచలం, కంబాలకొండ వైపు పొదల్లో అలాంటిది కనబడితే పెకలించవద్దు. ఆకు ముందువైపు, వెనకవైపు, పూలుంటే పూలగుత్తి ఫొటోలు తీసి, చోటు, తేదీ రాసి, వృక్షశాస్త్రం తెలిసినవారికి చూపించాలి.