డిగ్రీ పిల్లలు మతం మీద థీసిస్ రాసే రోజు ఎలా వచ్చింది

అమెరికాలో తెలుగువాళ్ల పిల్ల ఎవరైనా కంప్యూటర్ సైన్స్ కాదని రెలిజియస్ స్టడీస్ (మతాల అధ్యయనం) మేజర్ తీసుకుంటానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "ఏంటమ్మా, గుళ్లో పూజలు చేస్తావా?" ఉద్యోగం సంగతి పక్కన పెడదాం. మతం చదవడమంటే ఆ మతాన్ని పాటించడం నేర్చుకోవడమే అన్న అపోహ మనవాళ్లకే పరిమితం కాదు, 1960ల దాకా అమెరికా కాలేజీల్లో కూడా చాలావరకు అదే నడిచింది. మతం అంటే బైబిల్, చెప్పేది ఎక్కువగా ప్రొటెస్టెంట్ పాస్టర్లు. 1909లో వాళ్లు పెట్టుకున్న సంఘం పేరే బైబిల్ బోధకుల సంఘం. ప్రభుత్వ యూనివర్సిటీలైతే అసలు ఆ జోలికి వెళ్లడానికే జంకేవి, 1920ల్లోనే మతానికి విడిగా స్కూల్ పెట్టిన అయోవా లాంటి ఒకటీ అరా తప్ప.

ఆ పరిస్థితిని కదిపినవాళ్లలో ఒకడు హైస్కూల్ కుర్రాడు కావడం నాకు భలే నచ్చే విషయం. పెన్సిల్వేనియాలో అప్పట్లో ఒక చట్టం ఉండేది, ప్రభుత్వ బడుల్లో రోజూ పొద్దున్నే బైబిల్ నుంచి పది వచనాలు చదవాలని. 1956 నవంబర్‌లో అబింగ్టన్ హైస్కూల్లో ఎలరీ షెంప్ అనే పదహారేళ్ల అబ్బాయి ఆ టైమ్‌లో ఖురాన్ తెచ్చుకుని తనలో తాను చదువుకున్నాడు, తర్వాత ప్రార్థనకు అందరూ లేస్తే తను లేవలేదు. ఖురాన్ మీద నమ్మకంతో కాదు, వాళ్లది యూనిటేరియన్ (క్రైస్తవంలోంచి పుట్టిన ఒక ఉదారవాద శాఖ) కుటుంబం. బడి ఒక్క మతాన్నే ఎందుకు చదివిస్తోందన్నది అతని అభ్యంతరం. ప్రిన్సిపాల్ దగ్గరికి పంపారు, కేసు కోర్టులకెక్కింది, 1963 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో బడిలో అలా చదివించడం చెల్లదని చెప్పింది.

చాలామందికి ఆ తీర్పు అంతవరకే గుర్తు. కానీ అదే తీర్పులో జస్టిస్ టామ్ క్లార్క్ ఇంకో మాట రాశారు: మతాల చరిత్ర, మతాల పోలిక చదవకపోతే ఒక మనిషి చదువు పూర్తయినట్టు కాదనొచ్చని, ఏ పక్షమూ వహించకుండా సెక్యులర్ చదువులో భాగంగా చెబితే రాజ్యాంగం అడ్డు రాదని. ప్రభుత్వ యూనివర్సిటీలకు అదే లైసెన్సు. మరుసటి ఏడాదే, 1964లో, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో రెలిజియస్ స్టడీస్ విభాగం మొదలైంది. ఆ బైబిల్ బోధకుల సంఘం కూడా అమెరికన్ అకాడమీ ఆఫ్ రెలిజియన్‌గా పేరు మార్చుకుంది.

థీసిస్ దారి వేరు. ఆఖరి ఏడాది విద్యార్థి సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని రాయాలన్న రూల్ ప్రిన్స్‌టన్‌లో 1920ల నుంచే ఉంది. తర్వాత మిగతా కాలేజీల్లో, కొన్నిచోట్ల అందరికీ, కొన్నిచోట్ల ఆనర్స్‌ వాళ్లకు మాత్రమే వచ్చింది. మతాల విభాగాలు పుట్టాక అవీ దీన్ని అందిపుచ్చుకున్నాయి.

అయితే చాలాకాలం ఈ థీసిస్‌లంటే లైబ్రరీలో కూర్చుని గ్రంథాలు తిరగేయడమే. 1965 వలస చట్టం తర్వాత ఆసియా నుంచి జనం వచ్చి గుళ్లు, మసీదులు, గురుద్వారాలు కట్టుకున్నాక గానీ మతం అంటే పక్క వీధిలో జరిగే వ్యవహారం కూడా అని ప్రొఫెసర్లకు తట్టలేదు. 1991లో హార్వర్డ్‌లో డయానా ఎక్ మొదలుపెట్టిన ప్లూరలిజం ప్రాజెక్ట్ చేసిన పని అదే, విద్యార్థులను వేసవిలో సొంత ఊళ్లకు పంపి అక్కడ ఏయే మతాలవాళ్లున్నారో చూసి రమ్మనడం. మన పిల్లలకు కూడా దారి దొరికింది ఇక్కడే. 1970ల్లో తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి లాంటివి వాళ్లు పెరిగిన చోట్లే కదా.

నన్నడిగితే "హిందూమతంలో భక్తి" అని మొదలుపెట్టిన థీసిస్ ఎటూ తేలదు. తిథి బుధవారం పడితే ఉత్సవం శనివారానికి ఎలా జరుగుతుంది, ఆ నిర్ణయం అర్చకులదా, సెలవు దొరకని భక్తులదా, గుడి కమిటీదా? ఇది ఒక ఏడాదికి సరిపడా ప్రశ్న. అర్చకుణ్ణి ఇంటర్వ్యూ చేయాలంటే ముందు ఎథిక్స్ బోర్డు అనుమతి కావాలా అని కనుక్కోవాలి. నల్లజాతి రోగులకు అసలు సంగతి చెప్పకుండా, చికిత్స ఇవ్వకుండా చేసిన టస్కీగీ సిఫిలిస్ ప్రయోగం బయటపడ్డాక 1974లో వచ్చిన చట్టం తాలూకు టెన్షన్ అది, వైద్య ప్రయోగం వల్ల పుట్టినా ప్రసాదం క్యూలో కబుర్లు రాసుకునేవాళ్లకూ చుట్టుకుంది.

ఇండియాలో కథ ఇంకోలా నడిచింది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. మతాల గురించి చదవడం అందులోకి రాదని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది కూడా. అయినా పాటియాలాలోని పంజాబీ యూనివర్సిటీ లాంటి కొన్నిచోట్ల తప్ప ఈ విభాగాలే పెద్దగా పుట్టలేదు. మతం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఫిలాసఫీలోనో, చరిత్రలోనో, సంస్కృతంలోనో సర్దుకోవాలి. యూజీసీ 2022 చివర్లో తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకన్నా ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు ఆఖరి ఏడాది 12 క్రెడిట్ల డిసర్టేషన్ రాయొచ్చు. థీసిస్‌కు అలా చోటు దొరికింది గానీ, మతం మీద రాస్తానంటే గైడ్ చేసే విభాగం ఎక్కడుంది?