బయోపిక్ సంగీతం: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో ఉంటూ డాక్యుమెంటరీలకీ షార్ట్ ఫిల్ములకీ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చేస్తుంటాను. ఇక్కడి ఒడియావాళ్ళూ వస్తారు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి తెలుగు కుర్రాళ్ళూ వస్తారు. ఈమధ్య అందరికీ బయోపిక్ మోజు పట్టుకుంది. భాష ఏదైనా వాళ్ళ మనసులో ఉండే అపోహలు మాత్రం ఇంచుమించు ఒకటే.

అపోహ: పాతకాలం కథ కాబట్టి అప్పటి వాయిద్యాలే వాడాలి.

సినిమాలో పాత్రలు వినే సంగీతం వేరు, ప్రేక్షకుడికి మాత్రమే వినపడేది వేరు. హోటల్లో రేడియో, పెళ్ళిలో సన్నాయి, పక్కింటి గ్రామఫోను మొదటి రకం. అక్కడ కాలం తప్పితే ఊరుకోకూడదు. 1954లో జరిగే సీన్‌లో ఆలిండియా రేడియో నుంచి సినిమా పాటలు వరసగా మోగించేస్తుంటారు. కానీ 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక అందులో సినిమా పాటలు దాదాపు ఆగిపోయాయి. జనం రేడియో సిలోన్ తిప్పుకునేవారు. 1957 అక్టోబరులో వివిధభారతి మొదలయ్యాకే ఆ పాటలకి మళ్ళీ చోటు దొరికింది. ఇక హార్మోనియం మీద ఆలిండియా రేడియోలో 1940 నుంచి 1971 దాకా నిషేధం. ఆ మధ్యకాలపు రేడియో కచేరీలో హార్మోనియం వినిపిస్తే తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు.

రెండో రకానికి ఈ కట్టుబాట్లేవీ లేవు. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ కథ 1924 పారిస్ ఒలింపిక్స్‌ది. వాంజెలిస్ దానికి సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) వాయించాడు. ఆస్కార్ కూడా తీసుకున్నాడు. ఆ కాలంలో సింథసైజర్ ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

అపోహ: వాగ్గేయకారుడి సినిమా అయితే ట్యూన్లు ఆయనవే కదా, సంగీత దర్శకుడికి పనేముంది?

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల్లో కీర్తన సాహిత్యం ఉంది, పైన రాగం పేరుంది. స్వరం మాత్రం లేదు. ఈరోజు మనం పాడుకునే వరసలు చాలామటుకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్ళు కట్టినవి. కాబట్టి ‘అన్నమయ్య’ (1997) చేతిలోకి వచ్చినప్పుడు కీరవాణి ముందు రెండు చిక్కులున్నాయి. జనానికి అప్పటికే అలవాటైపోయిన కీర్తనల్ని చెడగొట్టకూడదు, వాటి పక్కనే కథ కోసం కొత్తగా రాయించుకున్న పాటలు అతుకు తెలియకుండా ఇమడాలి. దానికి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. నా లెక్కలో పూర్తిగా కొత్త ట్యూన్లు కట్టడమే ఇంతకన్నా తేలిక.

అపోహ: మన ప్రాంతం కథ అంటే మహురీ (ఇక్కడి పెళ్ళిళ్ళలో ఊదే సన్నాయిలాంటి వాయిద్యం), డోలూ పెడితే చాలు.

రెండేళ్ళకోసారి మా ఊళ్ళో జరిగే ఠాకురాణి యాత్రలో మోగే బాజా కొండ మీది సవర పల్లెలో మోగదు. మ్యాపులో రెండూ దగ్గరే అనిపిస్తాయి, చెవికి మాత్రం చాలా దూరం. పైగా మహురీది చీల్చుకొచ్చే గొంతు. మన మాటల్లో హల్లులు స్పష్టంగా తెలిసే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే దాని జోరూ ఉంటుంది. డైలాగు కింద పెట్టారంటే మాట మునిగిపోతుంది. వాల్యూమ్ తగ్గిస్తే మహురీ మహురీలా ఉండదు. మాట లేని చోట చూసి వాడుకోవాలి, అంతే.

ఈ సందర్భంలో నేను ఎప్పుడూ గిడుగు రామమూర్తి గారిని తలుచుకుంటాను. 1880లో పర్లాకిమిడి వచ్చి మాస్టారుగా చేరారు. సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకున్నారు. మన్యంలో తిరిగి మలేరియా పడి, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. జీవితమంతా మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది! ఆయన కథ నా చేతికిస్తే పాత్ర వినే శబ్దాల్లోంచి ముందు సన్నటివి తీసేస్తాను: చిమటలు, గజ్జెలు, మాటల్లోని స, శ. సవర మాట మసకబారుతుంటుంది. నేపథ్య సంగీతం మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గదు, ఎందుకంటే అది ఆయన చెవిలోది కాదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ సీన్‌కి మహురీ పెట్టమని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. పెట్టామంటే పెళ్ళి ఊరేగింపు అయిపోతుంది.

అపోహ: సంగీతమంతా ఒక్కరే చేస్తారు.

‘గాంధీ’ (1982)కి రవిశంకర్‌తో పాటు జార్జ్ ఫెంటన్ పనిచేశాడు. ‘ది లాస్ట్ ఎంపరర్’కి ముగ్గురు. మన దగ్గర పాటలు ఒకరివి, నేపథ్యం ఇంకొకరిది కావడం మామూలే. టైటిల్స్ పూర్తిగా చూడండి.

అపోహ: ఎడిటింగ్‌లో చిన్న మార్పు జరిగితే సంగీతం దానంతటదే సర్దుకుంటుంది.

సెకనుకి 24 ఫ్రేములు. ‘లాక్ అయిపోయింది మాస్టారూ’ (అంటే ఎడిటింగ్‌లో ఇక మార్పులుండవు) అని పంపించి, తర్వాత ఓ 12 ఫ్రేములు కోసేస్తే అర సెకను పోయినట్టే. పాత్ర కళ్ళు తిప్పినప్పుడు పడాల్సిన వాయిద్యం దెబ్బ తలుపు షాట్ మీద పడుతుంది. మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలి. దీనికి ఎవరూ విడిగా డబ్బులివ్వరు.

అపోహ: పాత పాట పది సెకన్లు వాడితే అనుమతి అక్కర్లేదు.

మన చట్టంలో ఇన్ని సెకన్లని ఎక్కడా లేదు. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1960లో వచ్చిన రికార్డుకి 2020తో తీరిపోయింది. ట్యూను మీద హక్కు వేరే లెక్క. అది కట్టినవారు పోయాక మరో 60 ఏళ్ళు నడుస్తుంది. ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన స్వరపరిచినవాటికి 2034 చివరిదాకా ఉంటుంది. సాహిత్యం రాసినవారిది మళ్ళీ విడిగా చూసుకోవాలి. ఈ కాగితాలేవో షూటింగ్‌కి ముందే తేల్చుకుని నా దగ్గరకి రండి.