కిరీటం దక్కిన కూతురు, కొలువు దక్కని కూతుళ్లు

1975 జనవరి 31న ఇంగ్లండ్‌లో పదహారో నార్ఫోక్ డ్యూక్ బెర్నార్డ్ కన్నుమూశారు. ఆయనకు నలుగురు కూతుళ్లు, కొడుకులు లేరు. డ్యూక్ బిరుదు, దానితో పాటే నడిచే ఎర్ల్ మార్షల్ పదవి (రాచవేడుకలు నడిపే కొలువు) ఆ నలుగురినీ దాటి దూరపు దాయాది మైల్స్‌కు వెళ్లాయి. అప్పుడు సింహాసనం మీద ఉన్నది రెండో ఎలిజబెత్. ఆమె తండ్రి ఆరో జార్జికీ కొడుకులు లేరు. 1953 జూన్ 2న ఆమె పట్టాభిషేకం ఏర్పాట్లన్నీ దగ్గరుండి చూసుకున్నది ఈ బెర్నార్డే.

సింహాసనమూ, ఈ పదవీ రెండూ పుట్టుకతో వచ్చేవే. మరి ఒక ఇంట కూతురికి రాజ్యం దక్కగా, ఇంకో ఇంట కొలువు కూడా ఎందుకు దక్కలేదు?

ముందు ‘రాణి’ అన్న మాట చూడాలి. రాజు భార్యనూ రాణి అంటాం, తానే రాజ్యమేలే ఆవిడనూ రాణి అంటాం. ఇప్పటి రాజు మూడో చార్లెస్ భార్య కెమిల్లా మొదటి రకం, ఎలిజబెత్ రెండో రకం. (శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’గా కనిపించే మన రుద్రమదేవికి ఈ చిక్కు బాగా తెలిసే ఉంటుంది.) అప్పట్లో ఇంగ్లండ్ సింహాసనానికి కొడుకులకే తొలి హక్కు ఉండేది, వాళ్లు లేకపోతే కూతురికి. తండ్రి పోయిన 1952 ఫిబ్రవరి 6న ఎలిజబెత్ కెన్యాలో ఉన్నారు, ఆ క్షణం నుంచే ఆమె రాణి. కిరీటధారణ జరిగింది పదహారు నెలల తర్వాత. ఎనిమిదో ఎడ్వర్డ్ అయితే 1936లో ఆ వేడుక జరగకుండానే ఏలాడు, తప్పుకున్నాడు. అంటే వేడుక నడిపే అధికారి ఏలికను తయారు చేయడు. ఎవరు ఎక్కడ నడవాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నది చూస్తాడు, అంతే.

ఆ ఎర్ల్ మార్షల్ పనిని 1672లో రాజు రెండో చార్లెస్ నార్ఫోక్ డ్యూకులదైన హోవర్డ్ వంశానికి ఇచ్చాడు. మగ వారసులకే చెందాలని ఆ ఫర్మానాలోనే ఉంది. వంశంలోని కాథలిక్ డ్యూకులు 1824 దాకా ప్రొటెస్టెంటు ప్రతినిధుల చేత ఆ పని చేయించాల్సి వచ్చింది. ఆ మతపు అడ్డు చట్టంతో తొలగింది. ఆడపిల్లలన్న అడ్డు మాత్రం కదలలేదు.

పార్లమెంటు భవనంలో రాచ వ్యవహారాలు చూసే ఇంకో వారసత్వ కొలువు, లార్డ్ గ్రేట్ చాంబర్లేన్, కథ వేరు. 1779లో నాలుగో ఆంకాస్టర్ డ్యూక్ సంతానం లేకుండా పోతే అది అక్కచెల్లెళ్లకు సంక్రమించింది. హక్కు వాళ్లది, విధులు నిర్వర్తించింది మాత్రం పెద్దామె భర్త! ఆ వాటాలు చీలి చీలి, ఏలిక మారినప్పుడల్లా పదవి కుటుంబం మారుతోంది. ఎలిజబెత్ కాలంలో చమ్లీ వంశానిది, మూడో చార్లెస్ వచ్చాక కారింగ్టన్ ప్రభువుది.

1999లో వంశపారంపర్య ప్రభువులను పార్లమెంటు ఎగువ సభ నుంచి పంపించేసినప్పుడు 92 స్థానాలు మిగిల్చారు. అందులో రెండు ఈ రెండు కొలువులకే. 2013 చట్టం సింహాసనానికి కొడుకు ముందన్న నియమాన్ని ఎత్తేసింది. అందుకే 2015లో పుట్టిన, యువరాజు విలియం కూతురు షార్లెట్ తమ్ముడు లూయీ కంటే ముందుంది. డ్యూకుల బిరుదుల జోలికి ఆ చట్టం పోలేదు.

బెర్నార్డ్ పెద్దకూతురికి దక్కింది స్కాట్లండ్‌కు చెందిన హెరీస్ బిరుదు. అది ఆడవాళ్లకూ సంక్రమించే బిరుదు, బెర్నార్డ్‌కూ తల్లి నుంచే వచ్చింది. 2022 సెప్టెంబర్ 19న ఎలిజబెత్ అంత్యక్రియల ఏర్పాట్లు చూసినది మాత్రం ఆ దాయాది మైల్స్ కొడుకు ఎడ్వర్డ్.